జామకాయ మీద రక్తం

5-11-2001, సోమవారం

తెల్లవారుజాము నుంచి ముసురు. అయినా గుడిబండ సంతకు పోయాను. తడి నేల మీద పట్ట, పట్ట మీద గుడ్డ పరిచి పళ్ళు తోముకునే మా పండ్లపొడి పొట్లాలు పేర్చాను. పది దాటేవరకు ఒక్కరూ ఆగలేదు. పదకొండుకు కాస్త ఎండ పొడ వచ్చింది. అప్పుడు మూట విప్పి జామకాయలు బయటికి తీశాను.

చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని పోయిన వారం చెప్పిన గొర్రెల కుళ్లాయప్ప మళ్ళీ వచ్చాడు. అందరి ముందూ జామకాయ కొరికించాను. పోయిన వారం కొరికిన చోట ఎర్రగా మరక పడింది. ఈ వారం తెల్లగా ఉంది. కాయ పైకెత్తి చుట్టూ చూపించాను.

"ఏమప్పా కుళ్లాయప్పా, ఎన్ని దినాలు రుద్దితివి?"

"ఆరు దినాలు. రక్తం నిలిచిపాయ. మా ఇంట్లో ముసలామె చౌడక్క గూడా కావాలంటాంది."

"ఆయమ్మకు గూడా రక్తం వస్తాందా?"

"ఆయమ్మకు పండ్లే లేవప్పా. అయినా కావాలంట."

జనం నవ్వారు. ఆ నవ్వులోనే సంచి ఖాళీ అయింది.

హిందూపురం ఇల్లు చేరేసరికి నా పెండ్లాం షబానా గడప మీద కూర్చుని ఉంది, పక్కన బిందె. కుళాయి నుంచి ఇంట్లోకి ముప్పై అడుగులు కూడా ఉండవు. మధ్యలో రెండుసార్లు దించిందట. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం గుండె కవాటాన్ని పాడు చేసిందని డాక్టర్లు చెప్పి రెండేళ్ళయింది. బెంగళూరులో ఆపరేషన్ డిసెంబరు 4న. ఇంకా నెల. బిందె నేనే లోపల పెట్టాను.

8-11, గురువారం

సరుకు కోసం పెనుకొండ పోయాను. జాకీర్ పొట్లాలు కట్టి సిద్ధంగా పెట్టాడు. తమ్ముడు మాటంటే మాట.

పొడి నూరే గదిలోకి నేను పోను. నాయన పెట్టిన పద్ధతి అది. కలిపేవాడు అమ్మకూడదు, అమ్మేవాడు కలపకూడదు. అమ్మేవాడికి పాళ్ళు తెలిస్తే సంతలో ఎవడో ఒకడు కూపీ లాగుతాడని ఆయన భయం. తుమ్మబొగ్గు, కరక్కాయ, పటిక, ఉప్పు, లవంగం పడతాయని ఊరందరికీ తెలుసు. ఏది ఎంతో నాయనకు తెలుసు, ఆయన పోయాక జాకీర్‌కు తెలుసు.

వసారాలో ఒక గోనెసంచి ఉంది. మూలన చిరిగి ఎండు కాడలు బయటికి వచ్చాయి.

"ఇవేమిరా?"

"పొయ్యిలోకన్నా."

పొయ్యిలోకి వేసేవాటికి సంచి మూతి కుట్టడమెందుకు అనిపించింది. బస్సుకు టైమయింది.

17-11, శనివారం

రంజాన్ మొదటి ఒక్కపొద్దు. షబానాకు డాక్టర్లు వద్దన్నారు. మధ్యాహ్నానికి తల పగిలిపోతోంది. ప్రతి ఏడూ మొదటి మూడు రోజులూ ఇంతే. నాయన ఉన్న రోజుల్లో ఇట్లా ఉండేది కాదు. వయసు.

20-11, మంగళవారం

షబానా రెండు రోజులుగా పొడి ముట్టడం లేదు. వేపపుల్ల వేస్తోంది. తల నొస్తోందని పొద్దున్నే పడుకుంది. నేనే పొట్లం విప్పి చేతిలో పోశాను. కాసేపు అరచేతినే చూస్తూ కూర్చుంది. తర్వాత రుద్దుకుంది. పది గంటలకల్లా నొప్పి తగ్గి లేచింది. మా పొడి పంటికే కాదు, తలకు కూడా పని చేస్తుందని సంతలో చెప్పొచ్చు.

27-11, మంగళవారం

బెంగళూరు. ఆపరేషన్‌కు ముందు పరీక్షలు. కుర్ర డాక్టరు ఒక కాగితం పెట్టుకుని కన్నడంలో ఒక్కొక్కటే అడిగాడు. కన్నడం షబానాకు తక్కువ. అన్నిటికీ నేనే జవాబు చెప్పాను.

బీడీ, పొగాకు అలవాటుందా అన్నాడు. మా ఇంట్లో ఎవరికీ లేదన్నాను.

చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందా అన్నాడు. నవ్వొచ్చింది. "మాది పండ్లపొడి వ్యాపారం సార్" అన్నాను. ఆయన కూడా నవ్వి, రెండింటి ముందూ అడ్డగీత గీశాడు.

షబానా నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఆయాసమేమో అనుకుని నీళ్ళిచ్చాను. వద్దంది.

28-11, బుధవారం

ఆపరేషన్ ఆగింది.

రక్తంలో సి.ఆర్.పి. అని ఒకటి చూస్తారట. ఆరు లోపు ఉండాలి. షబానాకు 48. ఒంట్లో ఎక్కడో చీము గానీ వాపు గానీ ఉంటే అది పెరుగుతుంది. ఎక్కడో మాత్రం అది చెప్పదు. అది తగ్గకుండా కొత్త కవాటం పెడితే సూక్ష్మజీవులు రక్తంలో పోయి దాని మీదే కూర్చుంటాయని పెద్ద డాక్టరు చెప్పాడు.

జనవరి 22కు మార్చారు. ఈసారి కూడా తప్పితే పేరు లిస్టు చివరికి పోతుంది, ఏడాది పడుతుంది అన్నాడు. ఏడాది ఆగే గుండె కాదిది అని కూడా ఆయనే అన్నాడు.

రైల్లో షబానా కిటికీ వైపు కూర్చుంది.

6-12, గురువారం

ఛాతీ ఎక్స్‌రే తీయించాను. ఏమీ లేదు. కళ్ళె పరీక్షలో లేదు. మూత్రంలో లేదు. మాత్రలు వారానికి రాశారు.

13-12, గురువారం

మాత్రలు అయిపోయాయి. మళ్ళీ 48.

17-12, సోమవారం

రంజాన్ పండగ. జాకీర్ పెనుకొండ నుంచి సేమ్యాలు, కొత్త చీర తెచ్చాడు. చీర మీద ఒక పొట్లం.

"వదినకు వేరేగా కలిపినా. లవంగం ఎక్కువేసినా."

షబానా చీర తీసుకుంది. పొట్లం గూట్లో పెట్టింది. వాడి ముఖం చూడలేదు. జబ్బు మనిషి, విసుగు ఉంటుంది. ఇలాంటి తమ్ముడు ఎంతమందికి ఉంటాడు.

24-12, సోమవారం

షబానాకు ఆయాసం పెరిగింది. దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. సంత మానుకుని ఇక్కడి పాత డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కాగితాలన్నీ తిరగేశాడు.

"అన్నీ చూసినారు గానీ నోరు చూడలేదే" అన్నాడు.

"నోట్లో ఏమీ లేదు సార్. రక్తమే రాదు."

"నువ్వు చెప్పేదెందుకు? పండ్ల డాక్టరమ్మ చెప్పనీ."

చీటీ రాసిచ్చాడు. బయటికి వచ్చాక కొంచెం కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా సంతల్లో నేను చూడని నోళ్ళా.

26-12, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పండ్ల డాక్టరమ్మ కుర్చీలో షబానాను సగం వాల్చింది. పూర్తిగా వాలితే ఊపిరాడదు. సన్నటి కడ్డీ ఒకటి పంటికీ చిగురుకూ మధ్య దించింది. కడ్డీ మీద గీతలున్నాయి. మూడు గీతలు దాటకూడదట. ఏడు గీతలు లోపలికి పోయింది. ఇంకో పంటికి ఆరు. వెనక పన్ను దగ్గర చిగురు నొక్కితే పసుపుపచ్చగా చీము వచ్చింది. నాకు చూపించింది. రక్తం మాత్రం రాలేదు.

"పొగాకు వాడతారా?"

లేదన్నాను. ఆమె నన్ను అడగలేదు, షబానాను అడిగింది. షబానా నోరు తెరిచే ఉంది.

"లోపల పెదవి దగ్గర తెల్లగా ముడతలు పడిందండీ. రోజూ పొగాకు పెట్టేవాళ్ళకే అట్లా ఉంటుంది. దేనితో తోముతారు?"

జేబులో పొట్లం ఎప్పుడూ ఉంటుంది. గర్వంగానే తీసిచ్చాను. ఆమె వాసన చూసింది. లవంగం వాసన తప్ప తెలియలేదేమో, గది ఊడుస్తున్న వెంకటక్కను పిలిచింది. వెంకటక్క చిటికెడు తీసి కింది పెదవిలో పెట్టుకుంది. కాసేపటికి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. గోడ పట్టుకుంది.

"ఏమప్పా ఇది? పొగాకు కదా! మా అవ్వ కాడలు మాడ్చి నూరి రుద్దుతాండె. చిన్నప్పుడొకసారి దొంగతనంగా రుద్ది గుమ్మంలో పడిపోతి."

"ఇందులో పొగాకు లేదక్కా" అన్నాను.

"నా తల తిరుగుతాంది, నువ్వు లేదంటావే!"

డాక్టరమ్మ నవ్వలేదు. నిదానంగా చెప్పింది. పొగాకు చిగురులో సన్న రక్తనాళాలను బిగిస్తుంది. అందుకే రక్తం రాదు, నొప్పి తెలియదు. చిగురు బాగుపడినట్టు ఉంటుంది. కింద సూక్ష్మజీవులు చేరి ఎముకను తింటూ ఉంటాయి. నమిలినప్పుడల్లా అవి రక్తంలోకి పోతాయి. సి.ఆర్.పి. అందుకే తగ్గడం లేదనుకుంటున్నాను అంది. ఆరు పండ్లు తీయాలి. గుండె జబ్బు మనిషికి ఇక్కడ తీయకూడదు, బెంగళూరులోనే తీయాలి. జనవరి 9 లోపల పోతే 22కు ఇంకా ఆశ ఉంది. అక్కడికి ఫోన్ చేసి మాట్లాడింది, ఉత్తరం రాసింది, మాత్రలు రాసింది.

"మీరు కూడా ఒకసారి నోరు తెరవండి" అంది నాతో.

ఇంకోసారి వస్తానన్నాను.

27-12, గురువారం

మొదటి బస్సుకే పెనుకొండ పోయాను. నూరే గదిలోకి అడుగుపెట్టడం నాయన పోయాక ఇదే మొదలు. పెనం మీద కాడలు మాడుతున్నాయి. పక్కనే ఆ గోనెసంచి.

జాకీర్ లేవలేదు. గరిటె తిప్పుతూనే ఉన్నాడు.

"పొగాకు వేస్తాండావారా?"

"వేస్తాండా."

"ఎప్పట్నుంచి?"

"నాయన పోయిన ఏటి నుంచి. నాలుగేండ్లు."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడు అడిగితివన్నా? పొడి పోవడం ల్యా, ఏమన్నా సెయ్‌రా అంటివి. చేసినా. నెల తిరక్కుండా పొట్లాలు చాలడం ల్యా అంటివి. ఏం చేసినావురా అని ఒక్క మాట అడిగితివా?"

"మీ వదిన చిగుళ్ళు కుళ్ళిపాయరా. ఆపరేషన్ ఆగింది దానికే."

గరిటె ఆగింది. కాడలు నల్లబడి పొగ లేచింది. పెనం దించడం కూడా మరిచిపోయాడు.

"వదినకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు మడకశిర తిరునాళ్ళకు పోయినప్పుడు మూడు దినాలు ఈడనే ఉన్నె కదా. కాడలు మాడ్చేది చూసె. మీ అన్నకు తెలుసా అని అడిగె."

"నువ్వేమంటివి?"

"తెలుసంటి."

చెయ్యెత్తాను. కొట్టలేదు. వాడు ముఖం పక్కకు తిప్పుకోలేదు.

"తెలుసనే అనుకుంటినన్నా. దినామూ నోట్లో పెట్టుకునేవానికి తెలీదా? ఆ తలుపుకు నేనెప్పుడన్నా గడియ వేసింటినా?"

తలుపు చూశాను. లోపలి వైపు గడియే లేదు.

పద్ధతి అని నాయన పెట్టాడు. ఆ పద్ధతి వెనక దాక్కుని నా సొంత తమ్ముడు నాలుగేళ్ళు నన్ను మోసం చేశాడు. ఇది రాసుకుంటున్నాను, మరిచిపోకూడదని.

28-12, శుక్రవారం

షబానాను అడిగాను. బియ్యం ఏరుతూ కూర్చుంది.

"నీకు తెలిసీ నాకెందుకు చెప్పలే?"

"నీకు తెలుసనిరి."

"వాడు చెప్తే నమ్మితివా?"

"మానేద్దామని ఎన్నిసార్లు చూసినా. రెండు దినాలకే తల పగులుతాండె. నువ్వే పొట్లం తెచ్చి చేతిలో పోస్తివి. తెలీకుండానే పోస్తివా?"

"తెలీకుండానే."

"ఆస్పత్రిలో పొగాకు లేదంటివే, అప్పుడు అనుకుంటి. నా గుండె కంటే ఈయప్పకు పొడి పేరు ఎక్కువాయెనే అని. నలుగురిలో నిన్ను అబద్ధాలోన్ని చేసేదెందుకని నోరు మూసుకుంటి."

"అల్లా మీద ఒట్టు. నాకు తెలీదు."

"నాలుగేండ్లా?"

జవాబు చెప్పాననే అనుకుంటాను. ఆమె చేటలో రాయి ఒకటి తీసి పక్కన పెట్టి "మంచిది" అంది.

తమ్ముడు మోసం చేశాడు. పెండ్లాం దాచింది. ఇంట్లో అందరికీ తెలిసి నాకొక్కడికే తెలియదు.

30-12, ఆదివారం

ఇద్దరం పొడి మానేశాం. జాకీర్ దగ్గరి నుంచి ఇక సరుకు తేనని షబానాకు మాటిచ్చాను. ఇంట్లో ఉన్న సంచెడు పెంటలో పారేస్తానన్నాను. చీకటి పడింది. రేపు.

31-12, సోమవారం

సంతకు పోలేదు. తలనొప్పి. షబానాకు నాకంటే ఎక్కువ. తడిగుడ్డ కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

1-1-2002, మంగళవారం

మధ్యాహ్నం చిటికెడు రుద్దుకున్నాను. తలనొప్పికి మాత్రమే. పెరట్లో.

3-1, గురువారం

డాక్టరమ్మ మాత్రలు వారం అయ్యాయి. రక్తం చూపించాం. 24. ఇన్ని పరీక్షల్లో మొదటిసారి తగ్గింది. ల్యాబు అరుగు మీదే కూర్చుని షబానా ఆ చీటీ రెండుసార్లు చదువుకుని జాకెట్‌లో పెట్టుకుంది. నా చేతికి ఇవ్వలేదు.

4-1, శుక్రవారం

పొద్దున షబానా సంతమూటలోంచి జామకాయ తీసి కొరికింది. కొరికిన చోటంతా ఎరుపు. గింజల మధ్య కూడా పాకింది. కాయ నా ముందు పెట్టింది.

"చూడు."

పొడి మానితే రక్తం వస్తుందని, భయపడొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇన్నాళ్ళూ ఉన్నదే ఇప్పుడు బయటపడుతుందని. సంతలో ఎన్ని వందల కాయలు పైకెత్తి చూపించి ఉంటాను. అన్నీ తెల్లటివి.

నా కింది పన్ను ఒకటి కదులుతోంది. నాలుకతో తోస్తే ఊగుతుంది. ఆమెకు చెప్పలేదు.

7-1, సోమవారం

మంచు. గుడిబండ పోయాను.

చెప్పడానికే పోయాను. ఇందులో పొగాకు ఉంది, నాకూ తెలియదు, వాడొద్దండి అని నలుగురికీ చెప్పి రావడం నా ధర్మం. సంచి తీసుకుపోయింది ఎందుకంటే పట్ట పరిచి పొట్లాలు పెట్టకపోతే ఎవరూ ఆగరు. మాట వినాలంటే ముందు ఆగాలి కదా.

పట్ట పరిచీ పరచకముందే చౌడక్క వచ్చింది, వెనకాలే కుళ్లాయప్ప.

"యాడికి పోయింటివప్పా ఇన్ని వారాలు? నిద్ర ల్యా, కూడు ల్యా. ఈయప్పను నాలుగు సంతలు తిప్పితిని నీకోసం!"

"పొట్లం లేకపోతే నన్ను కొరుకుతాంది" అన్నాడు కుళ్లాయప్ప.

"పండ్లు లేకనే?" అన్నారెవరో. నవ్వులు.

చెప్పడానికి నోరు తెరిచాను. ముందు ఆ ముసలామెకు ఒక పొట్లం ఇచ్చేసి నిదానంగా చెబుదామనుకున్నాను. చేతులు చాలా వచ్చాయి. పాత సరుకు. ఇదే ఆఖరు. అయిపోవడమే మేలు. జామకాయ మాత్రం ఎవరిచేతా కొరికించలేదు. అది రాసుకోవాలి.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలలేదు. సంచి కొక్కేనికి తగిలించడానికి షబానా చేతిలోకి తీసుకుంది. బరువు లేదు.

"చెప్పినావా?"

"చెప్పినా."

"విన్నారా?"

"విన్నారు."

సంచి తగిలించి పోయి పొయ్యి ముట్టించింది.

8-1, మంగళవారం

సాయంత్రం ధర్మవరం నుంచి బావమరిది రియాజ్ వచ్చాడు. మగ్గం మీద చీర సగంలో వదిలి వచ్చానన్నాడు. షబానా నిన్న రాత్రి పక్కింటి నుంచి ఫోన్ చేసిందట.

నా గుడ్డలు కూడా సంచిలో పెట్టుకుంటుంటే షబానా వచ్చి వాటిని తీసి మంచం మీద పెట్టింది.

"నువ్వు రావద్దు."

"కన్నడం నీకు యాడొస్తాది?"

"వచ్చినంత చెప్తా. ఈసారి వాళ్ళడిగినదానికి నేనే చెప్తా."

"ఉండు బావా" అన్నాడు రియాజ్ నేల చూస్తూ. "నేను పోతాండా కదా."

9-1, బుధవారం

మంచు. సంత లేదు. జాకీర్ సరుకు పంపాడు, బస్సు వాళ్ళు బస్టాండు పక్క అంగట్లో దించిపోయారట. నేనింకా పోయి తేలేదు.

షబానా, రియాజ్ బెంగళూరు ప్యాసింజర్‌కు పోయారు. ఆరు నలభైకి రావలసిన బండి ఏడు పదికి వచ్చింది.